కప్పు లేని ఇళ్ళు

బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలకు రాతి గుడిసెలు కట్టేవారిలో ఒక దురలవాటు ప్రబలి ఉంది. గుడిసె పూర్తి కాకముందే దానిని కూల్చడం. నాలుగు గోడలూ ఓపికగా పేరుస్తారు. అందులో ఒకదానిని సగానికి తెంపుతారు. తెగిన రాళ్ళను కింద చెల్లాచెదురుగా అతికించి మసిరంగు పులుముతారు. కప్పు అసలే వేయరు. దానికి 'శిథిలం' అని పేరు పెట్టి, ఎంత సహజంగా కుదిరిందో చూడమని మురిసిపోతారు. పనితనాన్ని నేను కాదనను. ఆ చేతుల నేర్పుకు నమస్కరిస్తాను. కాని ఊరినంతా శిథిలాలతోనే నింపవలసిన అవసరం ఏమి వచ్చిందని అడుగుతున్నాను. కప్పు లేని ఇంట్లో మనుషులుండరు. మనుషులుండరు కనుక ఆటగాడికి అడ్డూ ఉండదు. నా తగవంతా ఇక్కడే.

ఈ క్రీడ సంగతి ఎరుగని మిత్రులకు నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల. చదరంగంలో వలె గళ్ళుండవు. అంగుళం పైచిలుకు ఎత్తున్న సైనికులు ఇరుపక్కలా బారులు తీరి ఉంటారు. ఆ విద్య తెలిసినవారు దీనిని 28 మిల్లీమీటర్ల కొలత అంటారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు టేపు పెట్టి కొలిచి తమ దళాన్ని ఇన్ని అంగుళాలని నడిపిస్తారు. దెబ్బ తగిలినదీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. నేల చదునుగా ఉంటే ఆట చప్పగా సాగుతుంది కనుక మధ్యలో గుట్టలు, వాగులు, చెట్లు, దడులు, ఇళ్ళు అమరుస్తారు. ఇంటి గోడ చాటున నిలిచిన సైనికుడికి దెబ్బ తగిలే అవకాశం తగ్గుతుంది. ఆటలో ఇంటికున్న ప్రయోజనం ఇంతే! బొమ్మల కొలువులో ఇసుక పోసి, ఆవాలు మొలిపించి, ఓ పక్కన పల్లెను అమర్చే మన ఇల్లాలికి ఈ బల్ల చూపిస్తే కొత్తేమీ అనిపించదు. సైనికులను చూసి కొంచెం జంకుతుందేమో.

నేను ముప్పైయేళ్ళకు పైబడి ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి, పదవీ విరమణ చేసి ఎర్రుపాలెంలో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. పట్నంలో చదువుకునే మనవడు సెలవులకు వచ్చినప్పుడల్లా ఒక పెట్టెలో ఈ సైన్యాన్ని వెంట తెచ్చేవాడు. ఒక వేసవిలో కారెంపూడి యుద్ధం ఆడదామన్నాడు. బొమ్మలకు రంగులు మార్చి పల్నాటి వీరులను చేశాడు; నాగులేటికి నీలం గుడ్డ పరిచాడు. అంతవరకు బాగానే ఉంది. ఊరు మాత్రం ఇంగ్లండు పల్లెటూరు! నిటారు కప్పులు, పొగగొట్టాలు, గాజు కిటికీలు, గుమ్మం పక్కన గులాబి పొద. నలగాముడి సేన పొగగొట్టాల నడుమ కవాతు చేస్తుంటే తెలుగు పండితుడన్నవాడు చూస్తూ ఊరుకోగలడా? "ఇళ్ళు నేను కడతానురా" అన్నాను. "మీకు చేతనవునా తాతయ్యా?" అన్నాడు. ఉపాధ్యాయుడిని అనకూడని మాట అది.

పల్నాటి ఇంటికి పల్నాటి రాయే కావాలి. మాచర్ల, దాచేపల్లి వైపు గనుల్లో పొరలు పొరలుగా లేచే నాపరాయి మన ప్రాంతపు ఇళ్ళ అరుగుల దాకా వచ్చి చేరింది కనుక దొరకడం కష్టం కాలేదు. కట్టుబడి జరిగే చోట పారవేసిన ముక్కలను గోనెపట్టాలో చుట్టి సుత్తితో నెమ్మదిగా కొడితే గోరంత రాళ్ళు వస్తాయి. లెక్క తప్పకూడదు. 28 మిల్లీమీటర్ల సైనికుడిని అయిదున్నర అడుగుల మనిషిగా భావిస్తే, అడుగు రాయి బల్ల మీద అయిదు మిల్లీమీటర్లవుతుంది. మూరెడు మందం గోడ దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలి. బజారులో దొరికే అచ్చు ఇళ్ళకు గోడలు అట్టముక్కంత పలచన. వాటిని చూస్తే ఎండకు కట్టిన ఇళ్ళు కావని వెంటనే తెలిసిపోతుంది. పల్నాటి ఎండకు మందపు గోడే గొడుగు.

అతుకుకు కొండపల్లి బొమ్మల పనివారి మక్కును ఆశ్రయించాను. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి వారు తయారుచేసే ఆ ముద్ద తెల్లపొణికి కర్రకు కాళ్ళూ చేతులూ అతికించడానికి ఉద్దేశించినది. మా స్టేషను నుంచి బెజవాడ రైలెక్కితే కొండపల్లి ఎంతో దూరం కాదు. దానిలో జల్లించిన పుట్టమన్ను కలిపితే రాళ్ళ సందుల్లో మట్టి అడుసు వలెనే కనిపిస్తుంది. కొనుక్కున్న జిగురుతో రెండు గంటల్లో ఆరే గోడ దీనితో రెండు రోజులు పడుతుంది. రెండు రోజులు పట్టడమే నాకు నచ్చింది.

ఇక కప్పు. పల్నాటిలో నాపబండలు పరిచిన కప్పులుంటాయి. బల్ల మీద వాటికి తగినంత పలచని రాయి ఎక్కడ? సమాధానం నా అటక మీదనే ఉంది. పగిలిన బడి పలకలు! మార్కాపురం పలకలు మన రాష్ట్రంలో ఎన్ని తరాల చేత అక్షరాలు దిద్దించాయో చెప్పనక్కరలేదు. పగిలిన పలకకు చాకుమొన ఆనించి చిన్న దెబ్బ వేస్తే కాగితపు దొంతర వలె పొరలు విడతాయి. ఆ పొరలను వేలి గోళ్ళంత ముక్కలు చేసి, కింది వరుస మీద పై వరుస సగం ఎక్కేటట్లు పరిచాను. ఒక్కొక్క ముక్క మీద ఏ పిల్లవాడో దిద్దిన అక్షరాల గీతలు ఇంకా లీలగా కనబడుతూనే ఉన్నాయి. వాటి మీద రంగు వేయడానికి చెయ్యి రాలేదు.

మొదటి గుడిసె బల్ల మీదికి ఎక్కగానే మొదటి ఆక్షేపణ వచ్చింది. మనవడితో ఆడే కుర్రవాళ్ళు ద్వారం దగ్గర సైనికుణ్ణి నిలబెట్టి, "తలుపు పొట్టిగా ఉందండీ, సైనికుడు పట్టడం లేదు, కొలత తప్పింది" అన్నారు. తప్పలేదు. మన పాత ఇళ్ళలో ఎవరు తల వంచకుండా లోపలికి పోయారు? ఎండ రాకుండా, గాలివాన దూరకుండా, గోడ బలం తగ్గకుండా గుమ్మం చిన్నదిగా పెట్టారు. జమీందారైనా జవానైనా వంగి పోవలసిందే. తల వంచని సైనికుడు నా ఇంటికి రానక్కరలేదని చెప్పాను. ఈ జవాబు వారికి నచ్చలేదు. అచ్చు ఇళ్ళ తయారీదారులు సైనికుడి కింద ఉండే బిళ్ళ ఎత్తును కూడా లెక్కలో వేసుకుని ద్వారాలు పెంచుతారట. అంటే ఇల్లు కట్టింది ఇంటివాడి కోసం కాదు, దాడి చేసేవాడి సౌకర్యం కోసం! కప్పు పీకడమూ, గుమ్మం పెంచడమూ ఒకే బుద్ధికి పుట్టిన కవలలు.

ఇంతకూ యుద్ధపు ఆటే వద్దనే పెద్దలున్నారు. వారితో ముందు తేల్చుకుంటాను. "పంతులై ఉండి పిల్లలకు రక్తపాతం నేర్పుతావా?" అని అడిగారు. వారికి తెలియని ఆధారాలు కూడా వారి పక్షాన నేనే చెప్పగలను. పల్నాటి యుద్ధానికి మూలం కోడిపందెం. ఓడినవారు ఏడేళ్ళు ఊరు విడిచి పోవాలన్న పణం. బాలచంద్రుడు కదనానికి కదలడానికి కారణం బొంగరాలాట. బొంగరం వెళ్ళి ఒక ఇల్లాలి పాదానికి తగలడం, ఆమె ఎత్తిపొడవడం. భారతంలో జూదం సంగతి అందరికీ తెలిసిందే. ఆటల్లోంచి యుద్ధాలు పుట్టాయనడానికి మన వాఙ్మయం కన్న పెద్ద సాక్షి లేదు. కాని అక్కడ ఆడినవి యుద్ధపు ఆటలా? కోళ్ళూ, బొంగరాలూ, పాచికలూ! కొంప ముంచింది ఆట కాదు, పణం. ఊళ్ళనూ మనుషులనూ పందెం ఒడ్డినవారికి ఆ బల్ల మీద ఊరు కనపడలేదు. కోడి కత్తీ, పాచిక గవ్వా మాత్రమే కనపడ్డాయి. నేను ఊరిని తెచ్చి బల్ల మీద పెడుతున్నాను. ఇందులో అపచారమేమిటో సెలవివ్వాలి.

అలాగని ఈ ఆట శాంతిమంత్రమని నేను చెప్పను. ఆ మాట చెప్పి భంగపడ్డవారున్నారు. హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత 1913లో బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి నియమాలు రాసి 'లిటిల్ వార్స్' అని పుస్తకం వేశాడు. కొయ్య ఇటుకలతో ఇళ్ళు పేర్చి, తీగచుట్ట బలంతో కాల్చే బొమ్మ ఫిరంగులతో నేల మీద ఆడేవాడు. అసలు యుద్ధం కన్న ఈ చిన్న యుద్ధమే మేలని చివర వాదించాడు. మరుసటి ఏడే, 1914లో, అసలు యుద్ధం వచ్చి పడింది. అదే వెల్స్ ఆ యుద్ధమే యుద్ధాలన్నిటినీ అంతం చేస్తుందని రాశాడు! అంతకు ముందు నూరేళ్ళ నాటి ప్రష్యా కథ ఇంకా చేదుగా ఉంటుంది. రైస్విట్జ్ అనే ఆయన 1812లో తమ రాజుకు ఒక బల్ల చూపించాడు. గుట్టలూ వాగులూ ఊళ్ళూ చెక్కిన పలకలను ఇష్టం వచ్చినట్లు మార్చి అమర్చుకోవచ్చు. 1824లో ఆయన కొడుకు దానిని పటం మీదికి మార్చాడు. ఎనిమిది వేల వంతు కొలత. సేనాధికారి ముఫ్లింగ్ అది చూసి ఇది ఆట కాదు, యుద్ధానికి బడి అని మెచ్చుకుని సైన్యమంతటికీ సిఫారసు చేశాడు. గమనించారా? బల్ల మీద కాస్తో కూస్తో ఎత్తుగా నిలిచిన ఊరు, పటం ఎక్కేసరికి గీతల గుర్తు అయింది. యుద్ధం నేర్చుకోవడానికి ఇళ్ళు అడ్డమని వారికి తెలిసింది.

మన పెద్దల లెక్క మాత్రం ఏమి గొప్ప? చదరంగంలో నాలుగు అంగాల బలం ఉంది, ఊరు లేదు. అష్టాదశ వర్ణనల్లో నగరముంది, సముద్రముంది, యుద్ధముంది; గుడిసె లేదు. నగర వర్ణన చేసిన ప్రబంధకవి అగడ్తనూ, కోట కొమ్మలనూ, మేడల్లోని మగువలనూ వర్ణించి ఊరి చివరి గుడిసెలను దాటిపోయాడు. ఒక్క ఆముక్తమాల్యదలోనే నాకు ఊరట. జీవితమంతా దండయాత్రలు చేసిన చక్రవర్తి, వానకాలం వర్ణిస్తూ తడికట్టెలతో పొయ్యి రాజేయలేక తిప్పలు పడే ఇల్లాలిని చూశాడు. నేను కప్పు ఎత్తితే లోపల పొయ్యి కనపడేటట్లు కట్టడానికి ఆ రాయలవారే ప్రమాణం. నా గుడిసెల కప్పులన్నీ ఊడివస్తాయి, కాని కూలిపోయినందువల్ల కాదు, చూడటానికి. లోపల మూడు రాళ్ళ పొయ్యి, ఉట్టి, కుండల దొంతి, తిరగలి, నులకమంచం. మంచానికి నులక అల్లడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. వీటిలో ఏ ఒక్కటీ పాచికల లెక్కను మార్చదు కదా అని కుర్రవాళ్ళు నవ్వారు. మారుస్తుంది, ఆ సంగతి ముందు చెబుతాను.

రాయి అనగానే మరో తగవు. కారెంపూడి అయ్యాక కుర్రవాళ్ళు మన్యం పోరాటం ఆడదామన్నారు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి దళం మాటు వేసి ఇద్దరు ఇంగ్లీషు అధికారులను కూల్చిన ఘట్టం. మంచిదే. నేను కట్టిన పల్నాటి రాతి ఇళ్ళనే ఆ కొండల్లోకి తరలించబోయారు. ఒప్పుకోలేదు. రాతి గుడిసె ముద్దుగా ఉందని ఎక్కడ పడితే అక్కడ పెడతారా? మన్యపు ఇంటికీ, ఇటు భద్రాచలం అడవుల కోయ ఇంటికీ గోడ అంటే వెదురు తడిక, దాని మీద మట్టి మెత్తు; కప్పు అంటే గడ్డి. చీపురు పుల్లలు చీల్చి తడిక అల్లవలసిందే, కొబ్బరి పీచు కోసి కప్పవలసిందే. మా పాత ఖమ్మం జిల్లా అడవుల్లో రాతి గుడిసెలున్న మాట నిజమే. జానంపేట వైపు వెళితే కనబడతాయి. నాలుగు పక్కలా బండలు నిలిపి, పైన ఒక పెద్ద బండ కప్పిన వాటిని జనం రాక్షసగుళ్ళు అంటారు. అవి ఇనుము యుగపు మనుషుల సమాధులు. చచ్చినవారికి రాయి, బతికినవారికి తడిక. రెండువేల ఏళ్ళు దాటినా చచ్చినవారి ఇళ్ళు నిలిచే ఉన్నాయి. బతికినవారి ఇళ్ళు ఒక అగ్గిపుల్లకు పోతాయి. బల్ల మీద ఈ తేడా కనపడకపోతే అడవి పోరాటాన్ని ఆడి ప్రయోజనం లేదు.

అగ్గిపుల్ల అన్నది అలంకారానికి అనలేదు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. బుర్రకథల్లో, సినిమాల్లో తాండ్ర పాపారాయుడి కత్తి మెరుపే మనకు మిగిలింది. మట్టికోట లోపలి ఇళ్ళు, శత్రువు చేతికి చిక్కకుండా తమవారి చేతుల్లోనే చనిపోయిన ఆడవాళ్ళూ పిల్లలూ ఏ బల్ల మీద ఉన్నారు? 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు పడినప్పుడు ఊరివారు బురుజెక్కి ఎదిరించారు. బురుజు ఇప్పటికీ ఉంది. బురుజును నమూనా కట్టడం తేలిక, నేనూ కట్టగలను. ఆ బురుజు కాపాడబోయిన ఇళ్ళు కట్టకుండా బురుజు ఒక్కటే కడితే అది నీళ్ళ తొట్టిలా ఉంటుంది. ఆ తరువాత 1949, 50ల్లో మా అడవి అంచున జరిగిన కథ పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఉంది. దళాలకు అన్నం, ఆచూకీ దొరకకూడదని కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని శిబిరాలకు తోలారు. ఇళ్ళు తగలబెట్టారు. 2005లో సరిహద్దుకు ఆవల దంతెవాడలో సల్వాజుడుం మొదలైనప్పుడు మళ్ళీ అదే. ఒక పక్క శిబిరాలు, ఒక పక్క మావోయిస్టులు. నడుమ నలిగి వేలమంది అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి పారిపోయి వచ్చి కొత్తగా గుడిసెలు వేసుకున్నారు. అటవీభూమి అని ఆ గుడిసెలనూ పీకిన సందర్భాలున్నాయి. గిరిజన కుర్రవాళ్ళకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులని నిలబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. తీర్పు వచ్చేసరికి ఆరేళ్ళు గడిచాయి. గుడిసె కట్టడానికి నాలుగు రోజులు చాలు. కూలడానికి ఒక్క పూట.

ఈ దేశంలో, ఈ జిల్లాలో కూర్చుని, కప్పు లేని ఇల్లు బల్ల మీద పెట్టి "సహజంగా ఉంది" అనేవారికి నేను చెప్పేది ఒకటే. శిథిలం సహజంగా పుట్టదు. దానిని ఎవరో చేస్తారు. మీరు ఆట మొదలుపెట్టకముందే ఆ పని ఎవరో చేసిపెట్టినట్లు నటిస్తున్నారు. పాపం మీ లెక్కలోకి రాకుండా. కూల్చదలిస్తే మీ వంతు వచ్చినప్పుడు, మీ పాచికతో, మీ చేత్తో కూల్చండి.

అందుకే మా బల్లకు రెండు నియమాలు పెట్టాను. సైనికులు ఇంట్లోకి దూరాలంటే ముందు ఇంటివారు బయటికి పోవాలి. ఇంటికి నలుగురు బొమ్మలు: ముసలమ్మ, ఒక ఇల్లాలు, ఇద్దరు పిల్లలు. వీరు వంతుకు ఆరంగుళాల కన్న ఎక్కువ నడవలేరు, బల్ల అంచు చేరేదాకా వారి గుండా బాణం వేయరాదు. ఇది మొదటిది. ఇల్లు కాలితే కాల్చినవాడి లెక్కలోంచి రెండు పాయింట్లు పోతాయి, గెలిచినా సరే. ఇది రెండవది. కుర్రవాళ్ళు గోల పెట్టారు. "చరిత్రలో ఎవరూ ఇలా ఆగలేదు కదండీ" అన్నారు. ఆగలేదు, నిజమే. చరిత్రలో అందరూ వంతులు వేసుకుని కొట్టుకోలేదు కూడా. పాచికలు వేసి చావలేదు. వంతులు ఒప్పుకున్నవారు ముసలమ్మను ఎందుకు ఒప్పుకోరు? మూడో ఆటకు మనవడు తన దళాన్ని ఊరి మీదుగా కాక వాగు వెంట చుట్టు తిప్పి నడిపించాడు. పుణ్యం కోసం కాదు, రెండు పాయింట్ల కోసం. నాకు అది చాలు. ఆ రోజు ఆట రెండు గంటలు ఎక్కువ సాగి, అన్నాలు చల్లారిపోయి, ఇంట్లో మాట పడ్డాను.

నా వాదనకు గట్టి దెబ్బ కొట్టినవారు ఒక్కరే. మా వీధిలో సైన్యంలో పనిచేసి వచ్చిన సుబేదారు గారున్నారు. అరగంట సేపు బల్ల చూసి, ముసలమ్మ బొమ్మను చేతిలోకి తీసుకుని, "పంతులుగారూ, కాల్పులు మొదలైనప్పుడు ఇల్లు ఇల్లుగా కనపడదండీ. గోడగా కనపడుతుంది. గోడ చూసుకున్నవాడే ఇంటికి ఉత్తరం రాస్తాడు" అన్నారు. ఆయనతో వాదించే అర్హత నాకు లేదు, వాదించలేదు. ఆయన గోడను గోడగా చూసింది ప్రాణం కోసం. మన బల్ల చుట్టూ కూర్చున్నవారికి ప్రాణభయం లేదు. చేతిలో టీ గ్లాసు ఉంది, నెత్తిన పంకా తిరుగుతోంది. ఇంత తీరిక దొరికిన చోట కూడా ఇంటిని గోడగానే చూస్తామంటే ఆ పేరు మీద ఆయన అనుభవాన్ని వాడుకోవద్దనే నా మనవి. పోతూ పోతూ ఆయన మరో మాట అన్నారు. "కుక్కను పెట్టలేదేం? ఊళ్ళోకి ఎవరు వచ్చినా ముందు తెలిసేది కుక్కకే." మక్కుతో రెండు కుక్కలు చేశాను. అవి దళానికి పది అంగుళాల దూరంలో ఉండగానే మొరుగుతాయి, చాటుగా రావడం కుదరదు. ఇప్పుడు ఇరుపక్షాలవారికీ కుక్కలంటే కోపం.

థర్మోకోలు వాడేవారి మీద నాకు పేచీ లేదు. రాతి ఇల్లు బరువు. అరకిలో తూగుతుంది, ఎత్తి పెట్టబోయి వేలు నలిపించుకున్న కుర్రవాడున్నాడు. పట్నంలో మూడో అంతస్తుకు రాళ్ళు మోయమని ఎవరికి చెప్పగలం? థర్మోకోలు మీద పెన్నుతో రాళ్ళ గీతలు నొక్కి, సున్నం రంగు వేసినా సరే. గుమ్మం పొట్టిగా పెట్టండి, పొయ్యి పెట్టండి, కప్పు వేయండి. కాని ఆంగ్ల పల్లెల అచ్చు ఇళ్ళను తెప్పించి, పొగగొట్టం విరిచి "ఇదే మన ఊరు" అనడం మాత్రం మానండి. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో పల్నాడంటే రాళ్ళూ జొన్నకూడూనే అని ఎంత వెటకారముందో మీకు తెలుసు. ఆ వెటకారం చేసినవాడు కూడా రాయిని రాయి అన్నాడే గాని గులాబి పొద అనలేదు. నా ఇల్లు పన్నెండో శతాబ్దపుది కాదని ఒక మిత్రుడు ఎత్తిచూపాడు. ఇల్లు ఆనాటిది కాకపోవచ్చు, రాయి మాత్రం ఆనాటిదే.

ప్రస్తుతం పది ఇళ్ళు పూర్తయ్యాయి. ఊరికి మరి ఆరు కావాలి, ఒక రచ్చబండ, ఒక మంచినీళ్ళ బావి కూడా. కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్ళకు ముందే ముగించాలని మనవడి పట్టుదల. రాయికి లోటు లేదు. పలకలే అయిపోయాయి. ఈ తరం బళ్ళలో రాతి పలక కనబడదు, మార్కాపురం వెళ్ళి కొత్తవి కొని పగలగొట్టడానికి నాకు మనసొప్పదు. మీలో ఎవరి అటక మీదనైనా, పాత ట్రంకు పెట్టెలోనైనా పగిలిన పలకలుంటే పారవేయకండి. చెక్క చట్రం అక్కరలేదు, రాయి ఉంటే చాలు. ఖమ్మం, మధిర, బెజవాడల వైపువారైతే కబురు చేయండి, రైలెక్కి నేనే వచ్చి తీసుకుపోతాను. అక్షరాలు తుడవవద్దు.